‘ఇత్తిసాల్’ దొరికిన రాత్రి

దుబాయ్‌లో నేను చేరిన మూడు నెలల అరబిక్ కోర్సు నిన్నటితో అయిపోయింది. పాసయ్యాను. ఫీజు, అక్షరాలు, కుడి నుంచి ఎడమకి చదవడం అన్నీ తేలిగ్గానే గడిచాయి. ఏడిపించింది డిక్షనరీ.

అరబిక్ డిక్షనరీలో ధాతువు, అంటే మాట మూలం పట్టుకోవాలి, అది ఎక్కువగా మూడక్షరాలది. ‘మక్తబ్’ అంటే ఆఫీసు, అది ‘మ’లో ఉండదు, క-త-బ కింద ఉంటుంది. కితాబ్ (పుస్తకం), కాతిబ్ (రాసేవాడు) కూడా అక్కడే. క్లాసులో అందరికంటే ముందు నేనే తీసేవాణ్ణి.

ఐదో వారం మా ఉస్తాద్, అంటే మాస్టారు, ‘హాన్స్ వేర్’ అనే అరబిక్-ఇంగ్లీష్ డిక్షనరీ నా చేతిలో పెట్టి ‘ఇత్తిసాల్’ తియ్యమన్నారు. ఫోన్ కాల్ అని అర్థం, ఇక్కడి టెలిఫోన్ కంపెనీ ఎతిసాలాత్ పేరులో ఉన్నదీ ఇదే. మొదటి అక్షరం అలిఫ్‌లో చూశాను, లేదు. ‘త’లో చూశాను, లేదు. పది నిమిషాలు పేజీలు తిప్పుతుంటే క్లాసంతా నన్నే చూస్తోంది. “తెలివైనవాడివి అనుకున్నానే” అని పుస్తకం లాక్కుని పక్కవాడికిచ్చారు. వాడికీ దొరకలేదు, వాణ్ణి మాత్రం ఏమీ అనలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు. చెప్పని పాఠం అడిగి పదిమందిలో పరువు తియ్యడం గురువు పని కాదు.

ఆ రాత్రి రూములో కూర్చుని పట్టుకున్నాను. ధాతువు వ-స-ల. ధాతువు మొదటి అక్షరం పక్కన ‘త’ చేర్చే మూస ఒకటుంది. అందులో పోస్తే మొదటి ‘వ’ ఆ ‘త’లో కలిసిపోయి ‘త్త’ అవుతుంది. ఇది చెప్పడానికి ఆయనకి అర నిమిషం చాలు!

ఆ పేజీలోనే ‘వుసూల్’ కనిపించింది. చేరుకోవడం అని అర్థం. ఎయిర్‌పోర్టులో అరైవల్స్ బోర్డు మీద రాసుండేది ఇదే. ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. మన వసూలు! నిజామాబాద్‌లో మా కిరాణా కొట్టు ఖాతా బుక్కులో, అప్పు తీరిన లెక్క పక్కన బాపు ఎర్ర పెన్నుతో రాసే మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. డబ్బు మన చేతికి చేరితేనే కదా వసూలైనట్టు.

నేర్చుకునేవాళ్ళు ‘ఇత్త’తో మొదలయ్యే మాట వస్తే ముందు ‘వ’లో వెతకండి. ఇత్తిహాద్ (ఐక్యత) వ-హ-ద, ఇత్తిఫాఖ్ (ఒప్పందం) వ-ఫ-ఖ. డిక్షనరీ వాడకం మొదటి వారంలోనే నేర్పని చోట మాత్రం డబ్బు కట్టకండి.

నిన్న పరీక్షలో ఇత్తిఫాఖే వచ్చింది. క్లాసులో సరిగ్గా రాసింది నేనొక్కణ్ణే. బయటికి రాగానే బాపుకి ఫోన్ చేసి వసూలు సంగతి చెప్పాను.

“మరి బాకీ ఏందిరా?” అన్నాడు.

“అదీ అరబిక్కే బాపూ. మిగిలింది అని.”