ఆ ఎరుపుకి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది

2024 మే 10, శుక్రవారం. పొద్దున్నుంచీ ఆఫీసులో పని ముందేసుకుని కూర్చున్నా మనసంతా రాత్రి ఆకాశంలో రంగులు వెలిగించే అరోరా మీదే, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుదుపులో ఉందో చెప్పే కేపీ ఇండెక్స్ 9కి వెళ్ళొచ్చంటున్నారు, ఆ స్కేల్లో 9 పైన ఇంకేం లేదు, 2003 అక్టోబర్ తర్వాత మళ్ళీ జీ5, అంటే అన్నిటికన్నా తీవ్రమైన స్థాయి అయస్కాంత తుఫాను ఇదే. రాత్రి నేనూ మా ఆవిడా పిల్లాణ్ణి వెనక సీట్లో పడుకోబెట్టుకుని అమెరికాలోని మా మినియాపోలిస్ లైట్లు దాటి గంటసేపు ఉత్తరంగా పోయి ఓ చెరువు దగ్గర కారాపాం.

మొదట అరోరా బూడిదరంగు మబ్బులా ఉంది. ఇదేనా అనుకున్నాం. ఫోన్లో నైట్ మోడ్ పెట్టి మూడు సెకన్లు కదలకుండా పట్టుకుంటే అదే మబ్బు ఆకుపచ్చగా వచ్చింది. ఈ ఫోటోలన్నీ ఎడిటింగే అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పు, చీకట్లో మన కంటికి వెలుగు తెలుస్తుంది గానీ రంగు సరిగ్గా తెలీదు, వెలుగు బాగా పెరిగితేనే రంగు దొరుకుతుంది.

కాసేపటికి పెరిగింది కూడా! నడినెత్తి మీద ఒకచోట నుంచి గొడుగు ఊచల్లా చారలు అన్ని వైపులా దిగాయి, పైన ఎరుపు, కింద ఆకుపచ్చ, మామూలు కంటికే. మెడ నొప్పెట్టి మా ఆవిడ బానెట్ మీద వెల్లకిలా పడుకుంది, ఇంజిన్ వేడి ఇంకా తగ్గలేదు.

నాకు ఆ ఎరుపంటేనే పిచ్చి. రెండు రంగులూ ఆక్సిజన్‌వే. సూర్యుడి నుంచి విసురుగా వచ్చిన ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న కణాల గాలి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తే ఎలక్ట్రాన్లు కిందికి దూకి ఆక్సిజన్‌ని గుద్దుతాయి, ఆ తీసుకున్న శక్తిని ఆకుపచ్చగా వదలడానికి ఆక్సిజన్ పరమాణువుకి సెకను లోపే చాలు, ఎరుపుగా వదలాలంటే మాత్రం దాదాపు రెండు నిమిషాలు కావాలి. ఈలోపు పక్క అణువు తగిలిందా, ఆ శక్తి పోయినట్టే. నూరు కిలోమీటర్ల ఎత్తులో గాలి ఇంకా చిక్కగానే ఉంటుంది కాబట్టి అక్కడ ఎరుపు నిలవదు, రెండొందలు దాటాక గాలి బాగా పల్చబడితేనే ఆ పరమాణువుకి అంత తీరిక దొరుకుతుంది.

ఆగలేక సూళ్లూరుపేటకి వీడియో కాల్ చేశా, అక్కడ శనివారం పొద్దున. "అంతా నల్లగా ఉందిరా, ఏం కనపళ్ళా" అంది అమ్మ. వీడియోలో ఒక్కో ఫ్రేముకి అంత వెలుగు చాలదు మరి. రంగులన్నీ నోటితోనే చెప్పా, ఫోన్ పెట్టకుండా వింది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ణి పరిశీలించే మన ఆదిత్య ఎల్1 పోతుంటే మేడ మీద నుంచి చూసిన మనిషి, ఆ ఆదిత్యే ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరాన కూర్చుని ఈ సూర్యుడి గాలిని కొలుస్తోందమ్మా అంటే భలే సంతోషపడింది.

తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. లడఖ్‌లోని హాన్లే, కొండల మీద ఆకాశం ఎర్రగా. మాకింకా శుక్రవారం మధ్యాహ్నంగా ఉన్నప్పుడే అక్కడ అర్ధరాత్రి దాటాక అబ్జర్వేటరీ కెమెరాలకి చిక్కిందది. "నువ్వు చెప్పిన ఎరుపు ఇదేనా?" అనడిగింది.

అదేనమ్మా. చూడు, అందులో ఆకుపచ్చ అసల్లేదు, అంత దక్షిణాన కనపడేది ఎక్కడో పైపైన వెలిగే ఆ ఎరుపొక్కటే.