సొమ్మొకడిది, సోకొకడిది

నేను ఆడిటర్ని. పొద్దస్తమానం ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చూడటమే పని. ఆ అలవాటు కథల పుస్తకం పట్టుకున్నా వదలదు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’ మొదటి భాగం నాకు అంతగా నచ్చడానికి అదే కారణమనుకుంటా.

ట్రాయ్ నగరం మీద గ్రీకుల యుద్ధం ముగిసి, బతికినవాళ్ళంతా ఇళ్ళు చేరారు, ఇథకా రాజు ఒడీసియస్ తప్ప. కథలోకి దిగే ముందు కావ్యదేవతకు 10 పాదాల ప్రార్థన ఉంటుంది. కావ్యం నిర్విఘ్నంగా సాగాలని వేడుకోవడం లాంటిదేమీ లేదు. ‘ఎక్కడో ఒకచోట ఎత్తుకుని మాకూ చెప్పు తల్లీ’ అంటాడు హోమర్, అంతే. ముందున్నవి 12 వేల పైచిలుకు పాదాలు. రాక్షసులు, మంత్రగత్తెలు, తుపాన్లు అన్నీ వస్తాయి. కానీ ఆ పదింటిలో పనిగట్టుకుని చెప్పిన నేరం ఒక్కటే: ఒడీసియస్ వెంట ఉన్నవాళ్ళు సూర్యుడి పశువుల్ని కోసుకు తిన్నారు, అందుకే ఇల్లు చేరలేదు. కథానాయకుడి పేరు కూడా 21వ పాదంలో గానీ రాదు.

తర్వాత దేవతల సభ. ఒడీసియస్ మీద పగబట్టిన సముద్ర దేవుడు పొసైడన్ ఊళ్ళో లేడు. దేవతల రాజు జ్యూస్, ఏజిస్థస్ అనేవాడి సంగతి ఎత్తుతాడు. పరాయివాడి భార్యను చేసుకుని, ఆ భర్త అగమెమ్నన్‌ని చంపి, చివరికి ఆ అగమెమ్నన్ కొడుకు చేతిలో చచ్చినవాడు. ‘వద్దని మన దూత హెర్మిస్‌తో ముందే చెప్పించాం, విన్నాడా? ఇప్పుడు తప్పంతా మాదే అంటారు’ అని జ్యూస్ గొణుగుడు. నోటీసు ముందే ఇచ్చారన్నమాట!

ఇక ఇథకాలో అసలు దృశ్యం. ఒడీసియస్ భార్య పెనెలొపిని పెళ్ళాడతామని వచ్చి తిష్ఠవేసినవాళ్ళు గుమ్మం ముందు పావులాట ఆడుతుంటారు. కూర్చున్నది ఎద్దు చర్మాల మీద. ఆ ఎద్దులు ఆ ఇంటివే, కోసుకు తిన్నది వీళ్ళే. ఇదే భాగం చివర రేటు కూడా దొరుకుతుంది: యూరిక్లియా అనే దాసిని ఒడీసియస్ తండ్రి 20 ఎద్దుల వెల ఇచ్చి కొన్నాడట. ఒక మనిషి వెల అది! పెళ్ళికని తిష్ఠవేసిన ఈ బాపతు జనం 108 మంది అని పదహారో భాగంలో లెక్క తేలుతుంది.

ఒడీసియస్ పక్షాన ఉన్న దేవత ఎథీనా వేరే రాజు వేషంలో వచ్చి వాకిట్లో నిలబడితే, అందరికంటే ముందు చూసింది ఒడీసియస్ కొడుకు టెలిమాకస్. అతిథిని అంతసేపు నిలబెట్టామే అని చిన్నబోయి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, అతిథి చేతిలోని ఈటెను తండ్రి ఈటెల పక్కన నిలబెడతాడు. ఈ గోలలో అన్నం సయించదని దూరంగా కూర్చోబెట్టి, తల దగ్గరగా వంచి చెబుతాడు: ‘వీళ్ళకేం, పైసా కట్టకుండా తింటున్నారు. ఆ సొత్తు గలవాడి ఎముకలు ఎక్కడో వానకు కుళ్ళుతున్నాయో ఏమో.’ ఇంటి పరిస్థితంతా ఆ రెండు ముక్కల్లో చెప్పేశాడు కుర్రాడు.

ఎథీనా ధైర్యం చెప్పి వెళ్ళాక అందరి ముందూ నోరు విప్పుతాడు. రేపు సభలో తేల్చుకుందాం, బయటికి నడవండి, తినాలనుంటే మీ మీ సొమ్ముతో ఒకరింట్లో ఒకరు వంతులవారీగా తినండి అంటాడు. వాళ్ళు పెదవులు కొరుక్కుంటారు. ఒకడు వెటకారమాడతాడు. మళ్ళీ పాటలు, చిందులు. చీకటి పడ్డాక నిద్రకు మాత్రం ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఇళ్ళు లేకనా ఇదంతా!