ముప్పావు గంటలో టమాటా కీమా సాస్

ఆఫీసు నుంచి వచ్చి హడావుడిగా చేసిన కీమా సాస్ పలచగా, చప్పగా వస్తే తప్పు మసాలాది కాదు, నీళ్ళది. టమాటాలో 94 శాతం దాకా నీరే. పచ్చి కీమాలోనూ తక్కువేం ఉండదు. రెండూ ఒకే గిన్నెలో వేస్తే అన్నీ ఉడుకుతాయి, ఏదీ వేగదు. రెండు పొయ్యిల మీద విడివిడిగా నీరు ఇగరబెట్టి, తర్వాత కలపాలి.

ఇటలీలోని బొలోన్యా ఊరి పేరున్న మాంసం సాస్, రాగూ సంగతి వేరు. 1982లో ఇటాలియన్ వంటల అకాడమీ ఆ ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేయించిన పద్ధతిలో మాంసం ఎక్కువ, టమాటా కొంచెమే. పాలు కూడా పడతాయి, గంటలకొద్దీ సన్నసెగ మీద ఉడకాలి. అది ఆదివారం వంట.

నలుగురికి 400 గ్రాముల మటన్ కీమా, 750 గ్రాముల టమాటాలు, ఒక పెద్ద ఉల్లిగడ్డ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, మూడు టేబుల్ స్పూన్ల నూనె కావాలి. షాపులో దస్తి (ముందుకాలి) ముక్క చూపించి, కొవ్వంతా తీసేయకుండా మిషన్‌లో ఒక్కసారే వేయమనండి. రెండుసార్లు వేస్తే మెత్తని ముద్దయిపోయి గిన్నెలో గడ్డలు కడుతుంది. కడగందే మనసొప్పని వాళ్ళు ముక్కగా ఉన్నప్పుడే కడిగించాలి. కీమాగా కడిగితే స్పాంజిలా నీళ్ళు పీలుస్తుంది. ఇంటికొచ్చాక కడగక తప్పదనుకుంటే సన్నజల్లెడలో వేసి బాగా పిండండి.

టమాటాలను ఉడకబెట్టి తొక్క తీసే ఓపిక ఎవరికుంటుంది? అడ్డంగా రెండు చెక్కలు కోసి, కోసిన వైపు తురుముపీటకు ఆనించి రుద్దండి. గుజ్జంతా కిందికి దిగి తొక్క అరచేతిలో మిగిలిపోతుంది. ఐదు నిమిషాల పని. పొడుగాటి హైబ్రిడ్ కాయల్లో కండ ఎక్కువ, తొందరగా చిక్కబడతాయి. నాటు టమాటాకు రుచి ఎక్కువే గానీ పులుపూ, రసమూ ఎక్కువే. గుజ్జును వెడల్పాటి స్టీలు గిన్నెలో చిటికెడు ఉప్పేసి, మూత పెట్టకుండా పెద్దసెగ మీద పన్నెండు, పదిహేను నిమిషాలు ఉడికించండి. గరిటెతో అడుగున గీత గీస్తే వెంటనే పూడకూడదు. ఇనప మూకుడు మాత్రం వద్దు. పులుపుకు ఇనుము కరిగి సాస్‌కు లోహపు వాసన పడుతుంది. 2023 జులైలోలా కిలో వంద దాటినప్పుడు 200 గ్రాముల ప్యూరీ ప్యాకెట్, కప్పు నీళ్ళు సరిపోతాయి. అది ముందే ఉడికింది కాబట్టి ఐదు నిమిషాలు చాలు.

పక్క పొయ్యి మీద మందపాటి పాన్‌ను బాగా కాల్చి, ఒక స్పూను నూనె వేసి కీమాను పలచగా పరవండి. మూడు నిమిషాలు గరిటె పెట్టొద్దు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కలిపిన కొద్దీ వేడి తగ్గి నీరు ఊరుతుంది, కీమా బూడిదరంగుకు తిరుగుతుంది. మొదట బుసబుసమని ఉడికే చప్పుడే వస్తుంది. నీరు ఇగిరాక అది చిటపటలుగా మారుతుంది, కొవ్వు తేటగా పైకి తేలుతుంది. అప్పుడు తిరగేసి గడ్డలు చిదమండి. ఉప్పు ఇప్పుడే వేయాలి, ముందు వేస్తే నీరు లాగుతుంది. పాన్ చిన్నదైతే రెండు విడతలుగా వేయించుకోవడం మేలు.

కీమాను ఒక పక్కకు తీసి, మిగతా నూనెలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేయించండి. ఉల్లిగడ్డ పూర్తిగా మెత్తబడకముందే టమాటా పడితే, ఆ పులుపుకు ఇక మెత్తబడదు, పంటికింద కరకరలాడుతుంది. తర్వాత వెల్లుల్లి, అర స్పూను కారం, బిర్యానీ ఆకు. అడుగున అంటిన గోధుమరంగు పొరను రెండు స్పూన్ల నీళ్ళతో గీకి కలిపేయండి, రుచంతా అందులోనే ఉంది. నల్లగా మాడితే మాత్రం గీకొద్దు, చేదొస్తుంది. కీమా, టమాటా గుజ్జు, అరకప్పు వేడినీళ్ళు కలిపి, మూత ఓరగా పెట్టి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు. చికెన్ కీమా అయితే పది చాలు, ఇంకా ఉంచితే పొట్టులా ఎండిపోతుంది. చివర్లో మిరియాల పొడి, చిన్న వెన్నముక్క. పులుపు మరీ ఎక్కువైతే అర స్పూను చక్కెర వేయండి. వంటసోడా జోలికి పోవద్దు, కాస్త ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది.

పాస్తాకైతే 300 గ్రాములు, మూడు లీటర్ల నీళ్ళు, టేబుల్ స్పూనున్నర ఉప్పు. ప్యాకెట్ మీద రాసినదానికి ఒక నిమిషం ముందే తీసి, అరకప్పు గంజితో పాటు సాస్‌లో వేసి కలపండి. ఆ గంజే సాస్‌ను పాస్తాకు పట్టిస్తుంది.

మిగిలింది ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచొద్దు. ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది. పొద్దున ఖిచిడీలోకి కావాలంటే రెండు పచ్చిమిర్చి చీలికలు, కొత్తిమీర వేసి పొడిపొడిగా అయ్యేదాకా వేయించండి. పక్కన ఖట్టా (ఖిచిడీతో తినే చింతపండు పులుసు) ఉంటే నిమ్మకాయ పిండొద్దు.