కనుమ నాటి పోకరు: బావగారి గడియారంతో నా పోరు

మొన్న కనుమ నాడు పటమటలో మా అక్క ఇంట్లో పోకరు టోర్నమెంటు సవ్యంగా ముగిసింది. సవ్యంగా అంటే, ఓడినవాళ్లు ఎందుకు ఓడామో చెప్పగలిగారు. దీపావళి ఆటలో ఆ భాగ్యం ఎవరికీ దక్కలేదు. ఈ రెండు పండుగల మధ్య నేను పడ్డ పాట్లు కోపం చల్లారకముందే రాసి పెడుతున్నాను.

చిప్స్ పెట్టె తెప్పించడం పెద్ద పని కాదు. ఎనిమిది మందికి మూడు వందల బిళ్లలు సరిపోతాయి. ఆట నేర్పడం ఇంకా తేలిక. బెజవాడలో రమ్మీ తెలియని ఇల్లు అరుదు, అరగంటలో అందరికీ పట్టుబడింది. డబ్బు మాత్రం పెట్టలేదు, మీరూ పెట్టకండి. 1960లలో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆట అంది కదా అని మా బాబాయి ప్రతిసారీ వాదిస్తాడు. ఆ తీర్పు రమ్మీ గురించి, పోకరు గురించి కాదు. పైగా ఇంట్లో డబ్బు పందెం పెడితే పోలీసుల కంటే ముందు మా అక్క వస్తుంది.

దీపావళి నాడు చిక్కంతా బ్లైండ్ల దగ్గర వచ్చింది. ముక్కలు చూడకముందే వంతుల వారీగా ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం అది, ఒకరిది చిన్నది, పక్కవారిది దానికి రెట్టింపు. అది ఎంత ఉండాలో, ఎన్ని నిమిషాలకు పెంచాలో నిర్ణయించే పెత్తనం బావగారు తీసుకున్నారు. అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఫోనులో గంట మోగించడమంటే మహా సరదా. మనిషికి వెయ్యి చిప్స్, బ్లైండ్లు 25-50, పది నిమిషాలకోసారి రెట్టింపు అని కాగితం మీద రాసి గోడకు అంటించారు. చూడటానికి చాలా పద్ధతిగా ఉంది.

కాస్త లెక్క వేసి చూడండి. కొత్తవాళ్లు ఎనిమిది మంది కూర్చుంటే పది నిమిషాల్లో మహా అయితే ఐదు పంపకాలు జరుగుతాయి. బల్ల చుట్టూ ఒక వరస పూర్తి కావాలంటే ఎనిమిది కావాలి. అంటే ఒక్క వరసైనా పూర్తి కాకముందే బ్లైండ్ రెట్టింపవుతుంది. వెయ్యి చిప్స్‌ను 25, 50 కలిపి 75తో భాగిస్తే పదమూడు వస్తుంది, అంటే ఏమీ ఆడకుండా కూర్చున్నా పదమూడు వరసలు బతకవచ్చు. ఇరవై నిమిషాల తర్వాత బ్లైండ్లు 100-200 అయ్యేసరికి అది మూడుకు పడిపోతుంది. ఈ భాగహారాన్ని పోకరు ఆడేవాళ్లు ‘ఎం’ అంటారు, పాల్ మాగ్రీల్ అనే బ్యాక్‌గామన్ నిపుణుడి పేరు మీద వచ్చింది.

ఆ మూడో దశలోనే నాకు ఇస్పేట్ ఆసు, ఆఠీన్ రాజు వచ్చాయి. అప్పటికి నా దగ్గర తొమ్మిది వందలు మిగిలాయి. బావగారు ముక్కలు సరిగా చూశారో లేదో, ఉన్న చిప్స్ అన్నీ ముందుకు నెట్టారు. నేనూ పెట్టాను, పెట్టక తప్పదు. ఆయన తిప్పి చూపించినవి డైమన్ ఏడు, కళావర్ రెండు. పోకరులో అంతకంటే నాసిరకం జత లేదు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే ఐదు ముక్కల్లో మొదటిదే రెండు, ఆయనకు రెండుల జత కుదిరింది. తర్వాత నాలుగు ముక్కలు వచ్చినా ఆసు రాలేదు, రాజు రాలేదు. “పుస్తకాలు చదివి ఆడితే ఇంతే బావమరిదీ” అన్నారు. అందరూ నవ్వారు. మా అక్క బజ్జీల పళ్లెం నా చేతిలో పెట్టి, “ఖాళీగానే ఉన్నావుగా, అందరికీ అందించు” అంది. నేను వడ్డిస్తుంటే మా మేనల్లుడు చట్నీ అడిగాడు. నెలల తరబడి నేర్చుకున్న ఆట గంట తిరగకముందే చట్నీ గిన్నె దగ్గర తేలింది.

నన్ను దహించింది ఓటమి కాదు. ఆసు-రాజు మీద ఏడు-రెండు దాదాపు మూడింట ఒకసారి గెలుస్తుంది, అది ముక్కల ధర్మం. అసలు బాధ ఏమిటంటే, ఏడు-రెండుతో నెట్టడం తప్పే గానీ, ఆ గడియారం కింద నెట్టడమనే పద్ధతి తప్పు కాదు. బల్ల మీద మూడు వందలు ఉన్నాయి, చేతిలో తొమ్మిది వందలు ఉన్నాయి. అలాంటప్పుడు అన్నీ పెట్టడమో, ముక్కలు పారేయడమో తప్ప మూడో దారి ఉండదు. పోకరులో పందెం నాలుగు విడతలు: ముక్కలు చూడగానే, బల్ల మీద మూడు తెరిచాక, నాలుగోది వచ్చాక, ఐదోది వచ్చాక. ఎదుటివారిని చదవడం, భయపెట్టడం, భయపడినట్టు నటించడం, ఇవన్నీ చివరి మూడు విడతల్లో ఉంటాయి. చిప్స్ తక్కువైతే మొదటి విడతలోనే కథ ముగుస్తుంది. ఇక తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఎక్కడ కనిపించాలి?

ఇదంతా మర్నాడు ఫోనులో చెప్పాను. బావగారు శ్రద్ధగా విని, “చిప్స్ చాలలేదన్న మాట, పది వేలు ఇద్దాం” అన్నారు. కార్తీక మాసం చివర మళ్లీ కూర్చున్నాం. తలకు పది వేలు వచ్చేసరికి అందరి మొహాలు వెలిగిపోయాయి. గోడ మీద కాగితం చూస్తే బ్లైండ్లు 250-500! పది వేలను 750తో భాగించినా అదే పదమూడు. రెండింటినీ పదేసి రెట్లు చేశారు, అంతే. జీవితమంతా లెక్కలు రాసిన మనిషి ఇది గమనించలేదంటే నేను నమ్మను. అడిగితే, “ప్రపంచ పోటీల్లో కూడా గడియారం పెట్టే ఆడతారు” అన్నారు. ఆడతారు. ఇటీవలి సంవత్సరాల్లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 60,000 చిప్స్ ఇచ్చి, 100-200తో మొదలుపెట్టి, ఒక్కో దశ రెండు గంటలు నడుపుతున్నారు. అది చెబితే మేనల్లుడు ఫోను తీసి, 2003లో అదే పోటీని 839 మందిలో క్రిస్ మనీమేకర్ అనే ఒక అకౌంటెంటు గెలిచాడని చదివాడు. “చూశావా, అకౌంటెంటు” అని బావగారు మీసం దువ్వుకున్నారు.

చివరికి నన్ను గట్టెక్కించింది మా మేనత్త, అంటే బావగారి తల్లి. డెబ్బై దాటిన మనిషి, పూల్ రమ్మీలో ఆవిడను ఓడించినవారిని నేను చూడలేదు. అందులో పాయింట్లు 101కో 201కో చేరినవారు బయటికే, ఆడకుండా ముక్కలు పడేసే ‘డ్రాపు’కూ పాయింట్లు పడతాయి. “అత్తయ్యా, మొదటి డ్రాపు 101 పూల్‌లో ఇరవై, 201లో ఇరవై ఐదు. నీకు ఏది ఇష్టం?” అని అడిగాను. “201. నూటొకటిలో ఐదుసార్లు డ్రాప్ అయితే పీకల మీదికి వస్తుంది. రెండొందల ఒకటిలో ఎనిమిదిసార్లు కాచుకోవచ్చు, చెత్త ముక్కలు పడేసి మంచి ముక్కలకు ఆగవచ్చు” అంది. ఇక్కడా అంతే, బావగారు మనకు ఐదు డ్రాపులు కూడా ఇవ్వడం లేదు అన్నాను. ఆవిడ కొడుకు వైపు ఒక చూపు చూసింది. గోడ మీద కాగితం ఆ సాయంత్రమే చిరిగింది.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి చుట్టాలెవరూ బయల్దేరలేదు. ఈసారి కాగితం నాది. మనిషికి 5,000: ఇరవై ఐదువి ఎనిమిది, వందవి ఎనిమిది, అయిదు వందలవి నాలుగు, వెయ్యివి రెండు. దశకు ఇరవై నిమిషాలు. బ్లైండ్లు 25-50, 50-100, 75-150, 100-200, 150-300, ఆపై 200-400, 300-600 అలా. మొదట్లో రెట్టింపైనా నష్టం లేదు, చేతిలో చిప్స్ లోతుగా ఉంటాయి. తర్వాత మాత్రం సగానికి మించి పెరగకుండా చూసుకుంటే మేలు. ఒక చిన్న గోతి ఉంది, జాగ్రత్త. 100-200 రాగానే ఇరవై ఐదు బిళ్లలతో పని అయిపోయిందని బల్ల మీద నుంచి తీసేస్తే, తర్వాతి దశలో 150 కట్టడానికి చిల్లర ఉండదు. 150-300 దాటాకే వాటిని వందలుగా మార్చండి. ఎప్పటికి ముగుస్తుందో ముందే తెలియాలంటే బల్ల మీది మొత్తం చిప్స్ చూడండి. మాకు 40,000. పెద్ద బ్లైండ్ అందులో ఇరవయ్యో వంతుకు చేరే సమయానికి ఆట చివరికి వచ్చేస్తుంది. విరామాలు పోను మూడున్నర గంటలు పట్టింది.

బావగారు 100-200 దశలో, దాదాపు నాలుగు వేలు ఉండగా, పాత అలవాటు కొద్దీ అన్నీ నెట్టారు. మూడు వందల కోసం నాలుగు వేలు! ఎదురుగా బాబాయి దగ్గర రాణుల జత ఉంది. బజ్జీల పళ్లెం ఈసారి ఎవరికి దక్కిందో రాయనక్కర్లేదు.

గెలిచింది అత్తయ్య. వక్కపొడి నములుతూ పది పంపకాల్లో ఎనిమిదింట ముక్కలు పారేసింది. రెండో స్థానం నాది, చివరి వరకు నిలిచిన ఇద్దరిలో ఒకడినని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. దీన్నిబట్టి మేమిద్దరమే నిపుణులమని తేలలేదు సుమా. ఆ పూట మొత్తం ఎనభై పంపకాలు జరిగి ఉంటాయి. ఆసుల జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. అంటే చాలామంది దాని మొహం చూడకుండానే లేస్తారు. మామూలు ముక్కలతో నెట్టుకురావడమే ఆటంతా, దానికి చిప్స్ ఉండాలి, సమయం ఉండాలి. పిల్లలకు మాత్రం విసుగు పుట్టింది. ముందే బయటికొచ్చిన మేనల్లుడు రెండు గంటలు గాలిపటం పట్టుకుని డాబా మీద తిరిగాడు. వాడి ఫిర్యాదులో న్యాయం ఉంది. అంచేత పదిహేను నిమిషాల దశకు నేను ఒప్పుకుంటాను.

బావగారు పన్నెండు అంటున్నారు. ఓడినవారికి మళ్లీ 5,000 ఇచ్చి కూర్చోబెట్టాలని కొత్త షరతు కూడా పెట్టారు. మొదటి గంటలో అయితే సరే, అదీ ఒక్కసారే అన్నాను. ఉగాది లోపు తేలాలి.