తెనాలి ఓటు శేరిలింగంపల్లికి తెచ్చుకున్నా: నా అనుభవం

నిన్న రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఫారం 8 (ఓటు అడ్రస్ మార్చుకునే దరఖాస్తు) ఆమోదించారని. తెనాలిలో ఉన్న నా ఓటు శేరిలింగంపల్లి చేరడానికి రెండు దరఖాస్తులు, దాదాపు నాలుగు నెలలు పట్టాయి. మా ఎమ్మెల్యే అరెకపూడి గాంధీ గారు 2014లో టీడీపీ తరఫున గెలిచి టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2023లో బీఆర్ఎస్ తరఫున గెలిచి 2024 జులైలో కాంగ్రెస్‌లోకి వెళ్లారు. నాయకుడికి కండువా చాలు, ఓటరుకి మాత్రం సవాలక్ష కాగితాలు కావాలి.

2024 మే 13న ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఒకే రోజు పోలింగ్. ఆ బస్సుల తిప్పలు పడ్డవాళ్లకి ఓటు ఎందుకు మార్చుకోవాలనిపించిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో నింపడం పావుగంట పని. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో మొబైల్ నంబర్, ఓటీపీ, ఎపిక్ నంబర్ (ఓటరు కార్డు మీద ఉండేది, మూడు అక్షరాలు, ఏడు అంకెలు) ఇచ్చి ఫారం 8లో నివాసం మార్పు ఎంచుకోవాలి. నెట్ సెంటర్ వాళ్లు ఫారం 6 వేసేద్దాం అంటారు, వినకండి. అది కొత్త ఓటరుకి. ఇంకెక్కడా నాకు ఓటు లేదని అందులో మీరే సంతకం పెడతారు. అబద్ధమని తేలితే ప్రజాప్రాతినిధ్య చట్టం 1950, సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు.

జిల్లా దగ్గర చాలామంది హైదరాబాద్ అని నొక్కి, జాబితాలో శేరిలింగంపల్లి ఏదని వెతుక్కుంటారు. ఇది రంగారెడ్డి జిల్లా, 52వ నంబర్ నియోజకవర్గం. 2008 పునర్విభజనకి ముందు ఇదంతా ఖైరతాబాద్ కింద ఉండేది, విడిగా మొదటి ఎన్నిక 2009లో జరిగింది. లోక్‌సభకి చేవెళ్ల. గచ్చిబౌలిలో ఉంటూ చేవెళ్ల ఎంపీకి ఓటేయడమేంటని ఆఫీసులో నవ్వారు. నవ్వినవాళ్లెవరికీ ఇక్కడ ఓటు లేదు.

అడ్రస్ ప్రూఫ్ దగ్గర అద్దెకుండేవాళ్లం ఇరుక్కుంటాం. 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించిన పదకొండు నెలల అగ్రిమెంట్ చెల్లదు, రిజిస్టర్ అయినదే కావాలి. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది కాబట్టి పనికిరాదు. నేను ముందు ఆధార్‌లో అడ్రస్ మార్పించి అదే పెట్టాను. కొత్త అడ్రస్‌తో బ్యాంకు పాస్‌బుక్ ఉన్నా సరిపోతుంది.

ఇక అసలు కథ బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసర్) దగ్గర. దరఖాస్తు పెట్టాక మన బూత్ బీఎల్వో ఇంటికొచ్చి చూడాలి. వచ్చింది ఒక అంగన్‌వాడీ టీచర్. పిల్లల పని అయ్యాక ఈ పని. 2023 ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలు దాటారు, రాష్ట్రంలో ఇదే పెద్దది. భద్రాచలంలో 1.5 లక్షలు కూడా లేరు. అక్కడా ఒక ఎమ్మెల్యే, ఇక్కడా ఒక ఎమ్మెల్యే. బూత్‌కి 1,200 మంది మించకూడదని 2025లో పెట్టిన లెక్కన చూసినా ఇక్కడ దాదాపు 600 బూత్‌లు కావాలి. అన్ని ఇళ్లూ ఇలాంటివాళ్లే తిరగాలి.

ఆవిడ మంగళవారం పదకొండింటికి మా గేటుకొచ్చారు. సెక్యూరిటీ యాప్‌లో నా ఫ్లాట్‌కి ఓనర్ పేరుంది, నా పేరు లేదు. "ఆ పేరుతో ఎవరూ లేరు మేడమ్" అన్నాడు. నాకు ఫోన్ వచ్చింది, మీటింగ్‌లో ఉండి కట్ చేశా. బిర్యానీ తెచ్చే కుర్రాడికి తెరుచుకునే గేటు ప్రభుత్వం పని మీద వచ్చిన మనిషికి తెరుచుకోలేదు. మెయింటెనెన్స్ పేరుతో నెలనెలా వేలు గుంజే మా అసోసియేషన్‌కి ఓటంటే ఇంత లెక్క.

రెండోసారి లోపలికి రానిచ్చారు గానీ అప్పుడూ నేను లేను. ఇంట్లో లేకపోతే చుట్టుపక్కల అడిగి రాసుకుంటారు. ఎదురు ఫ్లాట్ ఆయన, మూడేళ్లుగా నాతో ఒకే లిఫ్టులో దిగే మనిషి, నా పేరు వినలేదన్నాడు. 404లో ఎవరో ఉంటారట, నల్ల బ్యాగు వేసుకుంటారట. ఇదంతా తర్వాత ఆవిడే ఫోన్‌లో చెప్పారు: "ఏమనుకోకండి సార్, మీ పేరు ఆ ఫ్లోర్‌లో ఎవరికీ తెలీదంట." మాట రాలేదు నాకు. మా ఊళ్లో ఇంటిపేరు చెబితే పోస్టు కార్డు కూడా చేరుతుంది. దరఖాస్తు తిరస్కరించారు. ఉన్న వివరాలతో ఇంకేం చేస్తారు?

తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. నేను మళ్లీ ఫారం 8 పెట్టడమే త్వరగా తేలుతుందనుకున్నా. ఈసారి పోర్టల్‌లో 'బీఎల్వోతో కాల్ బుక్ చేయండి' అన్నది నొక్కి, ఆదివారం పొద్దున్నే రమ్మని ఆవిడతో మాట్లాడుకున్నా. యాప్‌లో నా పేరు చేర్పించా, తలుపు మీద పేరు అంటించా, గేటు దగ్గర నేనే నిలబడ్డా. ఆవిడ కాగితాల కట్టలో మా టవర్ వాళ్లవే ఇంకో పద్నాలుగు దరఖాస్తులున్నాయి. వాటిలో చాలావాటికి పక్కన పెన్సిల్‌తో 'తాళం' అని రాసి ఉంది. నా పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

ఎన్నికలొచ్చాక చూద్దాం అనుకోకండి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో ఎవర్నీ చేర్చరు. దానికి పది రోజుల ముందే దరఖాస్తు అందాలి. ఎపిక్ నంబర్ మారదు, పార్ట్ నంబర్, సీరియల్ మారతాయి. పాత ఓటు తీయించడానికి విడిగా ఫారం 7 అక్కర్లేదు.

ఈ ఉదయం లిఫ్టులో ఎదురు ఫ్లాట్ ఆయన కలిశాడు. ఆయన ఓటు ఇంకా నెల్లూరులోనే ఉందట, ఫారం 8 ఎలా నింపాలో చెప్పమన్నాడు. ముందు మీ పేరేంటని అడిగా.