ఆదివారం జ్వరం

పోయిన జూన్‌లో మొదలైంది దగ్గు. కఫం లేని పొడిదగ్గు. బడి తెరిచిన రోజులు, పైగా వానలు, తగ్గుతుందిలే అనుకున్నాను. ఆగస్టుకి మెట్లెక్కితే ఆయాసం కూడా తోడైంది. మా వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాను. నేను టీచర్నని తెలియగానే ఆ డాక్టరు గారు స్టెతస్కోపు అలా ఆనించి ఇలా తీసేసి నవ్వారు.

"సుద్దముక్కల దుమ్మమ్మా. టీచర్లందరికీ ఉండేదే. కాస్త గొంతు తగ్గించి పాఠం చెప్పండి."

"మా బడిలో ఆరేళ్ళుగా మార్కర్ బోర్డులేనండీ" అన్నాను. ఆయన అప్పటికే మందులు రాసేస్తున్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. మందులు పనిచేయకపోవడం వేరు, అది ఎవరికైనా జరుగుతుంది. చెప్పింది వినకపోవడం వేరు. డిసెంబరు దాకా మూడు రకాల దగ్గు సిరప్‌లు, రెండు ఇన్‌హేలర్లు, టీబీ ఏమోనని కళ్ళె పరీక్ష. ఏమీ తేలలేదు. ఆరు కిలోలు తగ్గాను. స్టాఫ్‌రూములో "ఏం డైటింగ్ టీచర్" అని అడిగేవాళ్ళు.

ఇంకో విచిత్రం ఉండేది. చాలా ఆదివారాలు రాత్రి చలిజ్వరం వచ్చేది. సోమవారం సాయంత్రానికి దానంతటదే పోయేది. "బడి ఎగ్గొట్టే పిల్లలకి వచ్చే జ్వరం నీకు పట్టుకుంది" అని మా ఆయన ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని.

మాది చిక్కడపల్లిలో మూడో అంతస్తు. వంటింటి వెనక బట్టలుతుక్కునే చోటు, దాని గోడకి ఏసీ డబ్బా, ఆ డబ్బా వెనక పావురాలు. హైదరాబాద్‌లో ఫ్లాటున్న ఎవరికీ ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నాన్న పోయిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే గ్రిల్ పక్కన గుప్పెడు జొన్నలు పోసేదాన్ని. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసి "పోశావా?" అని అడిగేది. ఒక పావురం మెడ పక్కకి వంచి చూసే తీరు అచ్చం నాన్నలాగే ఉండేది. ఆదివారం పొద్దున చీపురు పట్టుకుని ఆ రెట్టలు, పుల్లలు, ఈకలు ఊడ్చడం కూడా నా పనే. ఆదివారం ఊడవడం, ఆదివారం జ్వరం. బడిలో సైన్స్ చెప్పేదాన్ని, నాకే తట్టలేదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. నాకు ఈకల పిచ్చి. ఇందిరా పార్కులోనో, ఉస్మానియా క్యాంపస్‌లోనో నడకకి వెళ్ళినప్పుడు దొరికినవి తెచ్చి లాంగ్ నోట్‌బుక్‌లో సెల్లోటేపుతో అంటించేదాన్ని. కాడకి ఒకపక్క సన్నగా, రెండోపక్క వెడల్పుగా ఉంటే రెక్క ఈక. రెండు పక్కలా సమానంగా ఉంటే తోక మధ్యలోది. ఇటుక రంగు రెక్క ఈక దొరికితే జెముడుకాకిదని చూడగానే చెప్పేదాన్ని. పిల్లలకి అన్నిటికన్నా నచ్చేది పాలపిట్ట ఈక. ముందు నుంచి వెలుతురు పడితే మెరిసే నీలం. అదే ఈకని కిటికీకి అడ్డంపెట్టి వెనక నుంచి వెలుతురు రానిస్తే మట్టిరంగు. ఆ నీలం ఈకకి పూసిన రంగు కాదు, ఈక లోపలి అతిసన్నని అమరికలో వెలుగు చెదిరితే పుట్టేది. ఏడో తరగతిలో ఎంత అల్లరి పిల్లాడైనా దాని ముందు నోరెళ్ళబెట్టేవాడు.

ఒకసారి ఒక పావురం మా కిటికీ అద్దానికి గుద్దుకుని ఎగిరిపోయింది. అద్దం మీద దాని అచ్చు పడింది. చాచిన రెక్కలు, పొట్ట, రెక్క అంచున ఒక్కొక్క ఈక గీతతో సహా, తెల్లగా, పౌడరుతో ముగ్గు వేసినట్టు. నాలుగు రోజులు తుడవకుండా ఉంచాను. ఫోటో తీసి అక్కకి పంపాను కూడా.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాం. అక్కడున్న పది రోజుల్లో దగ్గు సగం పోయింది. ఊరి గాలి, అమ్మ చేతి వంట అనుకున్నాం అందరం. తిరిగొచ్చాక చూస్తే వెనక గచ్చంతా రెట్టలే. ఆదివారం గంటసేపు పొడి చీపురుతో ఊడ్చాను. ముక్కుకి కనీసం కొంగైనా అడ్డం పెట్టుకోలేదు.

సాయంత్రం ఏడింటికి చలి మొదలైంది. రాత్రి పదకొండుకి పడుకోలేకపోయాను. వెల్లకిలా పడుకుంటే ఎవరో గుండెల మీద బియ్యం బస్తా పెట్టినట్టుంది. వంటింట్లోకి వెళ్ళి గోడకి జారగిలబడి కూర్చున్నాను. గాలి లోపలికి వెళ్తోంది గానీ అందడం లేదు. మా ఆయన్ని పిలుద్దామంటే గొంతు రావడం లేదు. స్టీలు గ్లాసు గచ్చు మీద కొట్టాను. ఆయన లేచొచ్చి కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ వెతికితే అందులో బ్యాటరీలు లేవు, మా అమ్మాయి టీవీ రిమోట్‌లో వేసుకుంది. అవి తీసి ఇందులో వేసి నా వేలికి పెట్టారు. 86. వేలు మార్చి పెట్టారు. 84.

లిఫ్టు పనిచేయడం లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వాచ్‌మన్, మా ఆయన మూడంతస్తులు దింపారు. ఎదురింటి వాళ్ళ కారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరికి వచ్చేసరికి సెకండ్ షో వదిలారు. పండగ సినిమా. రోడ్డంతా జనం, ఈలలు, కాగితం ముక్కలు. కారు కదలదు. కిటికీ పక్కన ఒక కుర్రాడు స్నేహితుడి భుజాలెక్కి డాన్సు చేస్తున్నాడు. నేను వాడి పొట్టకేసి చూస్తున్నాను, ఊపిరి ఎంత తేలిగ్గా తీసుకుంటున్నాడా అని. నాన్నా, ఇప్పుడే వద్దు, అమ్మాయికి ఇంటర్ పరీక్షలున్నాయి అని మనసులో అనుకున్నాను. ఎవరితో బేరమాడుతున్నానో నాకే తెలియదు.

ఆక్సిజన్, స్కానింగ్, రక్తపరీక్షలు, అవన్నీ ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు. మూడో రోజు ఊపిరితిత్తుల డాక్టరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆరునెలల్లో నా పక్కన కూర్చున్న మొదటి డాక్టరు ఆవిడే. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "ఇంట్లో పిట్టల్ని పెంచుతారా? పావురాలున్నాయా? దిండ్లలో ఈకలున్నాయా?" అని అడిగింది.

"మావి బూరుగుదూది దిండ్లేనండీ" అన్నాను ముందు. తర్వాత మిగతాదంతా చెప్పాను. ఆదివారం జ్వరం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ రాయడం ఆపి నా మొహం చూసింది.

హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్. పావురాల రెట్టల్లో, ఈకల పొడిలో ఉండే ప్రొటీన్లు ఊపిరితో లోపలికి పోతే కొందరి శరీరం వాటిపై యుద్ధం ప్రకటిస్తుంది, ఆ యుద్ధంలో దెబ్బతినేది ఊపిరితిత్తులే. అందరికీ రాదు. అదే ఇంట్లో మా ఆయన గుండ్రాయిలా ఉన్నారు. ఊడ్చిన కొన్ని గంటలకి చలిజ్వరం రావడం, ఊరు మారితే తగ్గడం దీని గుర్తులే. ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, అది మళ్ళీ వెనక్కి రాదు. నేను గీత దాటకముందే దొరికానంది. అద్దం మీద అచ్చు గురించి చెబితే, "ఆ తెల్లపొడే" అంది.

డిశ్చార్జ్ అయ్యాక రిపోర్టులు పట్టుకుని పాత డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. వద్దని మా ఆయన బతిమాలారు. ఆయన తిరగేసి చూసి "చాలా అరుదైన జబ్బమ్మా" అన్నారు. అరుదే కావచ్చు. చిక్కడపల్లిలో పావురాలు అరుదా?

ఇంటికి జాలీ కొట్టించి, కడిగించి, సున్నం వేయించేదాకా నన్ను అల్వాల్‌లో అక్క తీసుకెళ్ళింది. నా ఈకల పుస్తకం ఏమైందో అడగలేదు, ఆయన చెప్పలేదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలు. మొహం పూరీలా ఉబ్బింది, షుగర్ పెరిగింది, నిద్ర లేదు. అమ్మ మీద కోపం వచ్చేది, నాన్న మీదా వచ్చేది. జొన్నలు పోసింది మాత్రం నేనే కదా.

అక్క ఇంటి పెరట్లో వేపచెట్టు, మునగ, జామ. మూసిన కిటికీ వెనక నా కుర్చీ. చేతిలో మూడు బంతుల ఊపిరి పరికరం, గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. ఫిబ్రవరిలో ఒక్కటే లేచేది. కంసాలి పిట్ట పొద్దున్నే టుక్ టుక్ టుక్ అని మొదలుపెట్టేది, కనిపించేది కాదు. పది టుక్కులకి ఒకసారి పీల్చాలని లెక్క పెట్టుకున్నాను. మార్చి మధ్యలో రెండో బంతి లేచింది. వేప పూసింది. కోయిల కూతకి అక్క "ఎంత బాగా పాడుతోందే" అంటే, పాడేది మగదే, నల్లది, చుక్కలచుక్కల గోధుమరంగుదే ఆడది అని చూపించాను. కోయిలమ్మ అంటూ రాసిన కవులందరి మీదా అక్కకి కోపం వచ్చింది. ఉగాది నాడు మగది కాకుల్ని రెచ్చగొట్టి గూటికి దూరంగా తరిమించుకుంటుంటే, పచ్చడి గిన్నె పట్టుకుని ఇద్దరం చూశాం. ఆడది గూట్లోకి దూరిందో లేదో ఆకుల్లో కనపడలేదు.

మీకూ పనికొస్తుందని చెబుతున్నా. ఊరెళ్తే తగ్గి ఇంటికొస్తే తిరగబెట్టే దగ్గైతే ఆ మాట డాక్టరుకి మీరే చెప్పండి, వినకపోతే ఇంకో డాక్టరుకి చెప్పండి. రెట్టలు పొడిగా ఊడవకండి, ముందు నీళ్ళు చల్లి తడపండి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. నాలాంటి వాళ్ళయితే అసలు ఆ ఛాయలకే పోవద్దు. అమ్మ చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుందట. మొక్కింది ఆవిడ, తీర్చే 108 మాత్రం నేను తిరగాలట. మూడో బంతి లేచాక చూద్దామన్నాను. పావురాలకి జొన్నలు మానేశానంటే మాత్రం ఇంకా మూతి ముడుచుకునే ఉంది.

అక్క కొడుక్కి పదేళ్ళు. పెరట్లో ఈక దొరికితే గ్లౌజు వేసుకుని తెచ్చి, బయట నుంచి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంటాడు. నేను లోపల నుంచి చెబుతాను. చిలక తోక, గోరింక రెక్క, పికిలిపిట్ట. నిన్న ఒకటి తెచ్చాడు. బూడిదరంగు, రెండు పక్కలా సమానం, చివర నల్లపట్టీ.

"ఇది పిన్నీ?"

"పావురం. తోకది."

గబుక్కున అద్దం మీద నుంచి తీసేశాడు. "పారేయనా?"

"పారేయ్. గ్లౌజులు కూడా. సబ్బుతో చేతులు కడుక్కుని రా."