తిన్నది ఒంటబట్టని గేదె: జోన్స్ వ్యాధితో నా అనుభవం

రెండో ఈత ఈనిన కొన్ని వారాలకే మా ముర్రా గేదెకు పారుడు పట్టుకుంది. రక్తం పడడం లేదు, ఒళ్లు కాలడం లేదు. మేత మానేస్తే జబ్బు అనుకుంటాం కదా, ఇది మానలేదు. తవుడు కలిపిన కుడితి పెడితే బొక్కెన అడుగు నాకేసేది. అయినా పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి, వెనక తొడలు ఎండిపోయాయి, పాలు సగానికి పడిపోయాయి. కొన్నాళ్లు పేడ గట్టిపడేది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలు. తర్వాత దవడ కింద నీరు దిగింది. వేలితో నొక్కితే గుంట పడి, కాసేపటికి గానీ పూడేది కాదు.

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర. కొబ్బరి తోటలోనే మకాం. మా వైపు గొడ్డుకి దవడ కింద నీరు దిగిందంటే ఎవరైనా చెప్పేది ఒకటే మాట: కార్జపు జలగ. అందులో తప్పేం లేదు. కాలువలు, పంట బోదెలు, నీళ్లు నిలిచిన గట్లు, వాటిలో నత్తలు. జలగ పిల్లలు ఆ నత్తల్లో పెరిగి, గడ్డికి అంటుకుని గొడ్డు కడుపులోకి పోతాయి. డెల్టాలో ముందు దాన్నే అనుమానించాలి. మందు పట్టించాం. వాపు కాస్త తగ్గినట్టే అనిపించింది గానీ పారుడు ఆగలేదు. పేడ పరీక్ష చేయిస్తే జలగ గుడ్లు లేవన్నారు. ఆ తర్వాత ఇంజెక్షన్లు, పొడులు, ఊళ్లో ఒకాయన చెప్పిన దానిమ్మ తొక్కల కషాయం కూడా అయ్యాయి. పాలు పోసే కేంద్రం దగ్గర కుర్రాడైతే, "ఆయ్, దిష్టి తగిలిందండి బాబూ, ఎర్ర నీళ్లు తీసెయ్యండి" అన్నాడు. మా అమ్మ అదీ తీసింది.

గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివిన కుర్ర డాక్టరు ఒకరు కొత్తగా వచ్చారు. ఆయన ముందు మందు రాయలేదు, ప్రశ్నలు వేశారు. వయసెంత? ఇంట్లో పుట్టిందా, కొన్నదా? దీని తల్లి ఎలా పోయింది? కొన్నదే, తల్లి సంగతి మాకు తెలియదు. అప్పుడు జోన్స్ అయ్యుండొచ్చు, పేగులకు పట్టే మొండి బ్యాక్టీరియా అన్నారు. మోచేయి దాటే గ్లవుజు తొడుక్కుని, పేడ తీసేసి, మలద్వారం లోపలి పొరను గోటితో గిల్లినట్టు కొంచెం తీసి గాజు పలకల మీద పూశారు. కొంత పేడ డబ్బాలో, కొంత రక్తం గొట్టంలో. గేదె కదల్లేదు, పట్టుకున్న మా పాలేరే మొహం తిప్పుకున్నాడు.

గాజు పలకకు వేసే రంగు మనుషుల క్షయకు కళ్లె పరీక్షలో వాడే రంగే. ఈ బ్యాక్టీరియా క్షయ క్రిమి చుట్టమే. 1895లో జర్మనీలో యోనె, ఫ్రాథింగ్‌హామ్ అనే ఇద్దరు ఒక ఆవు పేగులో దీన్ని చూసి, ఇదో రకం క్షయ అనుకున్నారట. మైక్రోస్కోపులో నన్నూ చూడమన్నారు డాక్టరు గారు. నీలం మీద ఎర్రటి సన్నటి పుల్లలు, ఒక్కొక్కటిగా కాదు, గుంపులు గుంపులుగా. పలకలో కనబడకపోతే జబ్బు లేదని కాదు, కనబడితే మాత్రం బాగా ముదిరినట్టే అన్నారు. చర్మం పొరలోకి, ఈ క్రిమి నుంచే తీసిన జోనిన్ అనే మందు ఎక్కించి మూడు రోజులకు మందం కొలిచే పరీక్ష కూడా ఉందట గానీ, ముదిరిన గొడ్డులో అది పనిచేయకపోవచ్చని వద్దన్నారు. రక్తంతో చేసే ఎలైసా అనే పరీక్ష రిపోర్టు కోసం చాలా ఎదురుచూడాల్సి వచ్చింది. ఫోన్ చేస్తే ఒకసారి కిట్ లేదు, ఇంకోసారి సంతకం కాలేదు. ఆ ల్యాబు పేరు ఎందుకులెండి. చివరికి పాజిటివ్ అనే వచ్చింది.

నాకు మింగుడు పడని విషయం ఇది. మాకు ఇప్పుడు కనబడిన జబ్బు ఇప్పుడు వచ్చింది కాదు. దూడగా ఉన్నప్పుడే, బహుశా పుట్టిన మొదటి రోజుల్లోనే, పేడ అంటిన చన్ను చీకినప్పుడో, జున్నుపాలల్లోనో లోపలికి పోయుంటుంది. తల్లికి ముదిరి ఉంటే కడుపులో ఉండగానే అంటుకోవచ్చు. ఆ తర్వాత రెండేళ్లు, ఐదేళ్లు, ఇంకా ఎక్కువ కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. ఈనిక లాంటి ఒత్తిడి తగిలితే బయటపడుతుంది. అప్పటికి చిన్నపేగు గోడ మందమైపోయి, తిన్నదాన్ని పీల్చుకోదు సరికదా, ఒంట్లో ప్రొటీన్ కూడా పేగులోకి కారిపోతుంది. దవడ కింద నీరు అందుకే. నయం చేసే మందు లేదు. మథుర దగ్గర మఖ్దూంలో ఉన్న కేంద్ర మేకల పరిశోధన సంస్థ టీకా తయారు చేసింది, కానీ మన ఊరి పశువుల ఆసుపత్రిలో అడిగితే దొరికేది కాదు.

ఈ సంగతి పొక్కగానే దళారి వచ్చాడు. "వాపు దించే మందు వేసి, పేడ గట్టిపడ్డ రోజు చూసి సంతకి తోలేద్దామండి" అన్నాడు. మా ఇంట్లో దీని మీద రెండు పూటలు గొడవ. గేదె ఖరీదు చిన్నదేం కాదు, అప్పు ఇంకా తీరలేదు. కానీ మాకు అంటగట్టినవాడిని రోజూ తిట్టుకుంటూ అదే పని నేనెలా చేయను? అమ్మలేదు. విడిగా కట్టాం. ఆషాఢంలో లేవలేని స్థితిలో చనిపోయింది.

తోట చివర గొయ్యి తీసి, పూడ్చే ముందు డాక్టరు గారు కోసి చూశారు. చిన్నపేగు చివరి మూర తెరిచి నా ముందు పెట్టారు. లోపలంతా పిండి పారేసిన తడి దుప్పటిలా ముడతలు. రెండు చేతులతో లాగి చదును చేసినా ఆ ముడతలు పోలేదు. పైన సున్నం చల్లి పూడ్చాం.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. దాని దూడలను పాడికి ఉంచకూడదన్నారు, సరే. పుట్టబోయే దూడలను తల్లి నుంచి వెంటనే వేరు చేయమన్నారు. పుస్తకంలో బాగుంటుంది గానీ, దూడ మూతి పెట్టకపోతే గేదె పాలు చేపుతుందా? జెర్సీ ఆవుకి చెల్లుతుంది, మన గేదెకి చెల్లదు. చివరికి మధ్యేమార్గం పట్టాం. ఈనే గేదెకు విడిగా పొడి చోటు, కింద కొత్త వరిగడ్డి. పొదుగు, చన్నులు కడిగి తుడిచాకే దూడ. చేపగానే లాగేసి, మిగతా పాలు శుభ్రమైన గిన్నెతో తాగించడం. దూడల పాకలోకి పెద్ద గొడ్ల పేడ అంటిన పార, బొక్కెన ఏవీ వెళ్లవు. నేను కూడా కాళ్లు కడుక్కునే వెళ్లాలి. మా పాలేరు దీనికి నన్ను ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు.

పేడలో, తడి నేలలో ఈ క్రిమి నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది. మనదేమో ఎప్పుడూ చెమ్మ ఆరని నేల. అందుకని పెంట వరి చేలోకి, కొబ్బరి మొదళ్లకే తోలుతున్నాం, పచ్చగడ్డి మడికి వేయడం లేదు. బోదెలో నీళ్లు తాగించడం మానేసి బోరు నీళ్లకి తొట్టి కట్టించాం.

పాలు తాగిన మాకేమైనా అవుతుందా అని ఇంట్లో టెన్షన్. మనుషుల్లో వచ్చే క్రోన్స్ అనే పేగు జబ్బుకీ దీనికీ సంబంధం ఉందా అన్న వాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది, తేలలేదు. పాలు పొంగేదాకా కాచి తాగండి, పచ్చిపాలు వద్దు అన్నారు డాక్టరు గారు. అది మనం ఎలాగూ చేసేదే.

మిగతా వాటికి రక్త పరీక్షలు చేయిస్తే ఇంకొకటి పైకి దుక్కలా ఉన్నా పాజిటివ్ వచ్చింది. ఇలాంటివే పేడలో క్రిములు వదులుతూ మందంతటికీ అంటిస్తాయట. దాని పాలు దూడలకు పోయడం లేదు, వట్టిపోయాక మళ్లీ చూడి కట్టించం. నెగటివ్ వచ్చిన వాటికి కూడా మళ్లీ మళ్లీ చేయించాలి, ఎందుకంటే జబ్బు తొలి దశలో ఉంటే రక్తంలో పట్టుబడదు.

సంక్రాంతి వెళ్లాక ఒక గేదె కొనాల్సి వచ్చింది. అమ్మేవాళ్ల మకాంకి వెళ్లి, పాల లెక్క అడగకముందే పేడ చూశాను, తోక కుచ్చు చూశాను, దీని తల్లి ఏదండీ అని అడిగాను. "గేదెని కొంటారా, కోడల్ని తెచ్చుకుంటారా?" అని ఆయన విసుక్కున్నారు. రక్తం తీయిస్తానంటే అసలు ఒప్పుకోలేదు. వేరే ఊళ్లో ఒకావిడ ఒప్పుకున్నారు. వాళ్ల పాకలో దాని తల్లి ఆరో ఈతలో కూడా నిండుగా పాలిస్తోంది. నాకు రిపోర్టు కంటే ఆ తల్లి మీదే గురి కుదిరింది. అయినా బయానా ఇచ్చి ఉంచి, నెగటివ్ అని కాగితం చేతికొచ్చాకే తోలుకొచ్చాం.